ఒక కవి, ఒక రేవు, ఒక సంగీతోత్సవం

తెలుగులో సాహిత్యమనే మాటకు రెండర్థాలు నిలిచి ఉన్నవి. పండితులు సాహిత్యమన్నప్పుడు కావ్యనాటకాదులైన వాఙ్మయమంతా స్ఫురిస్తుంది. గాయకులు సాహిత్యమన్నప్పుడు కీర్తనలోని మాట మాత్రమే, అనగా రాగతాళాలు పోగా మిగిలేది, వారి ఉద్దేశం. ఈ రెండర్థాల నడుమ ఎడమెంత ఉన్నదో కచేరీలకు పోయేవా రెరుగుదురు. గాయకుడు మాటను రాగానికి ఊతగా వాడుకొంటాడు. కవి సంగీతాన్ని తన పద్యానికి పూసే మెరుగుగా భావిస్తాడు. ఒకరి సొమ్ము తమకు ఋణమని రెండవవారికి సాధారణంగా తోచదు. ఆ ఋణం ఎంత పెద్దది కాగలదో, దానిని ఒక ఊరు ఎట్లు తీర్చుకొనగలదో తెలిసికొనుటకు ఇంగ్లండు తూర్పు తీరంలోని ఆల్డ్‌బరా అనే చిన్న రేవును పరిశీలించుట మేలు. అక్కడ 1948 నుండి ప్రతి జూన్ నెలలోను జరుగుతూ వచ్చిన శాస్త్రీయ సంగీతోత్సవం ప్రపంచ ప్రసిద్ధమైనది. దాని మూలం గానసభ కాదు, ధనికుని దానం కాదు. ఎవరూ చదువక అటకెక్కిన ఒక కావ్యం.

ఆల్డ్‌బరా సఫక్ జిల్లాలో ఉత్తర సముద్రానికి ఎదురుగా ఉన్నది. నేటికిని రెండు మూడు వేల జనాభా గల ఊరది. ఇసుక తీరం కాదు, గులకరాళ్ల తీరం. అల వెనుకకు మరలునప్పుడు ఆ రాళ్లు ఒకదానిపై నొకటి దొర్లు చప్పుడు ఊరంతా వినబడుతుంది. సముద్రం ఆ ఊరికి జీవనాధారమే కాదు, పగ కూడ. పదునారవ శతాబ్దంలో ఊరి నడిబొడ్డున కట్టిన మూట్ హాలు అనే సభామందిరం ఈనాడు తీరం ప్రక్కన నిలిచి ఉన్నది. మందిరం కదలలేదు, దానికి తూర్పుననున్న వీథులను సముద్రం మ్రింగివేసినది. దక్షిణాన స్లాడెన్ అనే ఓడరేవు పల్లె ఉండెడిది. అదికూడ ఇప్పుడు లేదు. ఆల్డ్ నది ఆ స్లాడెన్ వద్ద సముద్రానికి కొన్ని గజాల దూరం దాకా వచ్చి, అందులో కలియక దక్షిణానికి మళ్లి, బురద నేలల మధ్య మైళ్ల తరబడి తీరం వెంటనే సాగిపోతుంది. ఈ బురద, ఈ నది, ఈ అలల రొద గుర్తుంచుకొనదగినవి. తరువాతి కథ అంతా వీటిపై నడిచినదే.

జార్జ్ క్రాబ్ అనే కవి 1754 డిసెంబరు 24న ఈ ఊరిలో పుట్టినాడు. తండ్రి ఉప్పు పన్ను వసూలుదారు. బాల్యంలో స్లాడెన్ రేవున సరుకులు మోసి, తరువాత వైద్యుని వద్ద పని నేర్చి, సొంత ఊరిలోనే వైద్యం పెట్టి చితికిపోయి, 1780లో లండను చేరినాడు. అక్కడ ఆకలితో మాడుతున్నవాని వ్రాతలు చదివి చేరదీసినవాడు ఎడ్మండ్ బర్క్. వారన్ హేస్టింగ్స్‌పై అభియోగం నడిపిన వక్తగా భారతీయులకు చిరపరిచితుడైన బర్కే ఈయన. ఆయన ప్రాపున క్రాబ్ మతాచార్య వృత్తి స్వీకరించి, 1781లో సహాయ మతాచార్యుడుగా ఆల్డ్‌బరాకే తిరిగి వచ్చినాడు. నిన్నటిదాకా రేవున పీపాలు దొర్లించిన కుర్రవాడు చర్చి వేదిక ఎక్కి ధర్మబోధ చేయుట ఊరివారికి రుచింపలేదు. మరుసటి యేడే ఆయన ఊరు విడిచినాడు. 1832లో దూరాన ట్రోబ్రిడ్జ్‌లో కన్ను మూసినాడు.

కాని ఊరు ఆయనను విడువలేదు. గోల్డ్‌స్మిత్ 1770లో ప్రకటించిన కావ్యంలో పల్లె ఒక తియ్యని జ్ఞాపకం. 1783లో క్రాబ్ ప్రకటించిన "ది విలేజ్" దానికి సమాధానమా అన్నట్లుండే కావ్యం. పల్లెలో ఆకలి, రోగం, ముసలివారిని పారవేసే అనాథశాల, సముద్రం నుండి దొంగసరుకు దించుకొనే రాత్రులు, ఇవి ఉన్నవని ఆయన చెప్పినాడు. 1810లో ఇరువది నాలుగు లేఖలుగా వ్రాసిన "ది బరో" అనే కావ్యంలో పేరు చెప్పకుండ తన ఊరినే చిత్రించినాడు. చర్చి, ఎన్నికలు, వైద్యులు, పూటకూళ్ల ఇండ్లు, చెరసాల, బీదలు — ఒక్కొక్క లేఖలో ఒక్కొక్క ముఖం. ఛందస్సు రెండేసి పాదాలకు అంత్యప్రాస కూర్చు పాతకాలపు పద్ధతి. మన ద్విపదవలె కథ చెప్పుటకు అనువైనది. ఆడంబరం లేదు. చూచినది చూచినట్లు లెక్క వ్రాసినవాని గొంతు అది.

అందులో ఇరువది రెండవ లేఖ పీటర్ గ్రైమ్స్ అనే జాలరి కథ. తండ్రిపై చేయి చేసికొన్నవాడు గ్రైమ్స్. లండను అనాథశాలల నుండి బాలురను పని నేర్పుటకని తెచ్చుకొని, కొట్టి, ఆకలికి మాడ్చి, ఒకరి తరువాత ఒకరిని ముగ్గురిని చావుకు అప్పగిస్తాడు. పిల్లవాని ఏడుపు ఇరుగుపొరుగు వినకపోలేదు, విని ఊరకుండినారు. మూడవవాడు పోయిన తరువాత అధికారులు ఇకపై పిల్లలను పెట్టుకొనరాదని శాసిస్తారు. వెలివడిన గ్రైమ్స్ ఒంటరిగా ఆ బురదనదిలో పడవ నిలిపి నీటిని చూస్తూ కూర్చుంటాడు. తండ్రి, చనిపోయిన బాలురు నీటి నుండి లేచి వచ్చినట్లు తోచి మతి చెడి చస్తాడు. క్రాబ్ ఆ హంతకుని క్షమించడు, ఊరినీ క్షమించడు. వినియు పలుకని ఊరిది కూడ పాపమేనని వేరుగా చెప్పకుండనే పాఠకునికి తెలుస్తుంది.

తన కాలంలో మన్ననలు పొందిన క్రాబ్ తరువాతి తరాలలో మరుగున పడినాడు. ఆయనను విడువక చదివినవారిలో మొదట చెప్పదగినవాడు ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్. ఉమర్ ఖయ్యామును ఇంగ్లీషులోనికి తెచ్చి ప్రపంచానికి చాటిన ఈ అనువాదకుడు సఫక్ జిల్లావాడే. ఖయ్యాము తెలుగున దువ్వూరి రామిరెడ్డిగారి "పానశాల"గా వెలసినది కనుక ఫిట్జెరాల్డ్ పేరు తెలుగు సాహితీపరులకు కొత్త కాదు. ఆయన క్రాబ్ కథాకావ్యాల నుండి ఎంపికలు చేసి ఒక సంకలనం కూర్చినాడు. పరదేశపు కవిని తెచ్చినవాడే పొరుగూరి కవిని కూడ కాపాడ యత్నించినాడు. అయినను ఆ యత్నం పెద్దగా ఫలింపలేదు.

క్రాబ్ పునర్జన్మ 1941లో జరిగినది. భారతదేశంపై ప్రసిద్ధ నవల వ్రాసిన ఇ. ఎమ్. ఫార్‌స్టర్ ఆ యేడు మే నెలలో క్రాబ్‌ను గూర్చి చేసిన ప్రసంగం "ది లిజనర్" పత్రికలో అచ్చయినది. ఊరు విడిచిన కవి ఊరి నుండి ఎన్నడూ తప్పించుకొనలేదని, ఆ తీరమే చివరిదాకా ఆయన కావ్యాలను నడిపినదని ఫార్‌స్టర్ వివరించినాడు. ఆ పత్రిక అమెరికాలో కాలిఫోర్నియా చేరినది. అక్కడ అప్పటికి రెండేండ్లుగా స్వదేశానికి దూరంగా ఉన్న ఒక యువ స్వరకర్త దానిని చదివినాడు. ఆయన బెంజమిన్ బ్రిట్టెన్. 1913 నవంబరు 22న సఫక్ తీరంలోనే, ఆల్డ్‌బరాకు ఉత్తరాన ఉన్న లోస్టాఫ్ట్‌లో పుట్టినాడు. అమెరికా వెళ్లుటకు ముందు ఆల్డ్‌బరా సమీపాన స్నేప్ గ్రామంలో ఒక పాత గాలిమరను ఇల్లుగా చేసికొని ఉండెడివాడు. ఫార్‌స్టర్ వాక్యాలు చదివిన క్షణంలో తాను ఎక్కడివాడో, తనకు ఏమి కొరవడినదో తెలిసివచ్చినదని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. స్నేహితుడు, గాయకుడు అయిన పీటర్ పియర్స్‌తో కలిసి క్రాబ్ కావ్యాన్ని వెదకి సంపాదించి, పీటర్ గ్రైమ్స్ కథను ఒపెరాగా కూర్పదలచి, యుద్ధం జరుగుతుండగనే 1942లో ఓడ ఎక్కి ఇంగ్లండుకు తిరిగి వచ్చినాడు.

ఒపెరా అనగా మాట అంతయు పాటగా సాగే నాటకం. మన యక్షగానానికి దూరపు చుట్టం. "పీటర్ గ్రైమ్స్" ఒపెరాకు మాంటెగ్యూ స్లేటర్ సాహిత్యం కూర్చినాడు. 1945 జూన్ 7న లండనులోని సాడ్లర్స్ వెల్స్ రంగస్థలంపై అది మొదటిసారి ప్రదర్శింపబడినది. ఐరోపాలో యుద్ధం ముగిసి నెల రోజులే అయినది. ఇంగ్లీషు ఒపెరాకు అది కొత్త యుగమని నాటి నుండి నేటిదాకా విమర్శకులు చెబుతూనే ఉన్నారు.

ఒక కళలోని వస్తువును మరొక కళలోనికి మార్చువారికి ఇక్కడ నేర్చుకొనదగినది చాల ఉన్నది. క్రాబ్ గ్రైమ్స్ క్రూరుడు. ఒపెరా గ్రైమ్స్ క్రూరుడే అయినను కలలు కనేవాడు, ఊరితో పొసగనివాడు. క్రాబ్ ముగ్గురు బాలురను చంపినాడు. ఒపెరాలో ఒకని మరణంపై విచారణతో కథ మొదలై, రెండవవాడు కొండచరియ నుండి జారి పడుటతో పరాకాష్ఠ చేరుతుంది. క్రాబ్ కావ్యంలో ఎలెన్ ఆర్‌ఫర్డ్ అనే దుఃఖిని కథ వేరొక లేఖ. గ్రైమ్స్‌తో ఆమెకు సంబంధం లేదు. ఒపెరాలో ఆమె బడిపంతులమ్మగా మారి గ్రైమ్స్‌ను మనిషిని చేయ యత్నిస్తుంది. క్రాబ్ గ్రైమ్స్ మంచంపై మతి చెడి చస్తాడు. ఒపెరా గ్రైమ్స్ ఊరి వేట తట్టుకొనలేక పడవతోపాటు సముద్రంలో మునుగుతాడు. తెల్లవారుతుంది. దూరాన పడవ ఏదో మునిగినదని ఎవరో అంటారు. వట్టి వదంతి అని మరొకరు కొట్టివేస్తారు. ఊరు తన పనిలో పడుతుంది.

ఇట్లు భారం వ్యక్తి మీది నుండి సమూహం మీదికి జరిగినది. కావ్యంలో ఊరి మౌనం నేపథ్యం. ఒపెరాలో ఊరి కేకలే ప్రధాన పాత్ర. దీనివలన లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. హంతకునిపై జాలి పుట్టినప్పుడు చనిపోయిన బాలుడు కొంత వెనుకకు పోతాడు. ఒపెరాలో ఆ బాలునికి పాట లేదు, మాట కూడ లేదు. 1948లో ఫార్‌స్టరే ఈ మార్పును చర్చిస్తూ, తాను ఈ సాహిత్యం వ్రాసి ఉంటే ఆ బాలుర ప్రేతాలను నదిలో నుండి లేపి రంగం మీదికి తెచ్చి ఉండెడివాడనని సగం పరిహాసంగా అన్నాడు. అయితే క్రాబ్ పద్యం చేయలేనిదానిని సంగీతం చేసినది. అంకాల నడుమ వాద్యబృందం ఒంటరిగా పలికే సముద్ర స్వరచిత్రాలలో ఉదయం, వెన్నెల, తుఫాను, గులకరాళ్లపై మరలే అల మాట తోడు లేకుండనే కనబడతవి. క్రాబ్ లెక్క వ్రాసినది బ్రిట్టెన్ వినిపించినాడు.

ఈ ఒపెరా విజయం తరువాతనే ఉత్సవం ఆలోచన వచ్చినది. 1947లో బ్రిట్టెన్, పియర్స్, నాటక దర్శకుడు ఎరిక్ క్రోజియర్ తమ ఇంగ్లీషు ఒపెరా బృందంతో ఐరోపా దేశాలలో తిరుగుతున్నారు. ఒక్కొక్క ఊరికి మనుషులను, తెరలను, వాద్యాలను మోసికొని పోవుటకు అయ్యే ఖర్చు భరింపరానిదైనది. ఊళ్లు తిరుగుటకు బదులు మన ఊరిలోనే ఉత్సవం ఎందుకు చేయరాదని పియర్స్ అన్నాడట. ఆ యేడే బ్రిట్టెన్ ఆల్డ్‌బరాలో సముద్రానికి ఎదురుగా ఒక ఇంట కాపురం పెట్టినాడు. ఆ వీథి పేరు క్రాబ్ వీథి. ఊరివారు కొందరు నష్టం వస్తే భరిస్తామని హామీ ఇచ్చినారు. ఆర్ట్స్ కౌన్సిల్ కొంత సహాయం చేసినది. 1948 జూన్ 5 నుండి 13 వరకు మొదటి ఉత్సవం జరిగినది. ఊరి చర్చిలో బ్రిట్టెన్ "సెయింట్ నికొలస్" మొదటిసారి వినిపించినారు. హాలులో ఆయన హాస్య ఒపెరా "ఆల్బర్ట్ హెరింగ్" ఆడినారు. చిత్రకళా ప్రదర్శనలు, ఉపన్యాసాలు కూడ ఏర్పాటు చేసినారు. క్రాబ్‌ను గూర్చి, గ్రైమ్స్‌ను గూర్చి ఉపన్యసించుటకు ఫార్‌స్టర్ స్వయంగా వచ్చినాడు. పైన చెప్పిన పరిహాసం అప్పటిదే. ఒక వ్యాసం ఒక స్వరకర్తను ఇంటికి పంపగా, ఆ స్వరకర్త ఆ వ్యాసకర్తను తన ఊరికి రప్పించినాడన్నమాట.

ఉత్సవానికి దొరికిన వసతి స్వల్పం. జూబిలీ హాలు విక్టోరియా రాణి స్వర్ణోత్సవ కాలంలో కట్టినది. మూడు వందల మందికి మించి పట్టరు. రంగస్థలం ఇరుకు, వాద్యబృందానికి చోటు మరింత ఇరుకు. మిగిలినవి ఊరి చర్చి, చుట్టుపట్ల గ్రామాల చర్చీలు. పెద్ద రంగస్థలాలకు అలవాటుపడిన స్వరకర్తకు ఇది చెరగా తోచవలసినది. బ్రిట్టెన్‌కు ఇది ఛందస్సుగా తోచినది. యతిప్రాసలు కవి చేతిని కట్టివేసినట్లే కట్టివేసి, కొత్త దారులు చూపినవి. పదిమూడుమంది వాద్యగాండ్రతో పూర్తి ఒపెరా నడుపుట అప్పటికే ఆయన అభ్యసించిన విద్య. ఆల్డ్‌బరా ఆ విద్యకు ఇల్లు అయినది.

1949లో జూబిలీ హాలులో ప్రదర్శించిన "లెట్స్ మేక్ యాన్ ఒపెరా" ఈ విషయంలో గమనింపదగినది. మొదటి భాగంలో కొందరు పెద్దలు పిల్లలు కలిసి ఒక ఒపెరా తయారు చేస్తారు. ప్రేక్షకులకు నాలుగు పాటలు నేర్పుతారు. రెండవ భాగంలో ఆ ఒపెరా ఆడుతారు. ప్రేక్షకులు తమ వంతు వచ్చినప్పుడు గొంతు కలుపుతారు. కథ పొగగొట్టాలు తుడిచే బాలునిది. అమ్ముడుపోయి, మసిలో ఊపిరాడక చిక్కుకొన్న ఆ పసివానిని ధనికుల ఇంటి పిల్లలు దాచి రక్షిస్తారు. స్థలం ఆల్డ్‌బరా సమీపంలోని ఐకెన్, కాలం 1810. క్రాబ్ "ది బరో" ప్రకటించిన యేడది. అనాథ బాలుడు చచ్చిన ఊరి ప్రాంతాననే, ఆ యేటనే, మరొక బాలుడు బ్రతికినాడు. ప్రేక్షకులుగా కూర్చున్న ఊరివారు ఈసారి మౌనంగా చూడలేదు, పాడినారు. సాహిత్యం క్రోజియర్‌ది. ఆయన సంకల్పం ఏదైనను, రెండు కృతులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి క్రాబ్ ప్రశ్నకు ఇది ఒక జవాబుగా తోచకపోదు.

1958 జూన్ 18న ఆర్‌ఫర్డ్ గ్రామపు చర్చిలో ప్రదర్శించిన "నోయీస్ ఫ్లడ్" ఇదే దారిలో మరొక అడుగు. చెస్టర్ పట్టణపు మధ్యయుగ ధార్మిక నాటకాలలోని జలప్రళయ కథకు స్వరం కూర్చినది. నోవా ఓడ ఎక్కే జంతువులుగా సఫక్ బడిపిల్లలు. వారు వాయించినవి వేణువులు, కొమ్ములు, చేతిగంటలు. వాన తొలి చినుకులు పడుటకు టీ కప్పులను వరుసగా తాట వ్రేలాడదీసి కొయ్య గరిటెతో కొట్టినారు. చదువుకొన్న సంగీతజ్ఞుడు పల్లె పిల్లల చేతికి ఇచ్చిన పని తక్కువరకపుది కాదు. వారు చేయగలదే, కాని వారు తప్ప మరెవరూ అట్లు చేయలేనిది. కళను జనానికి దించుట వేరు, జనాన్ని కళలో భాగస్థులను చేయుట వేరు. రెండవది కష్టం.

1960లో జూబిలీ హాలును కొంత పెంచి కట్టినప్పుడు షేక్‌స్పియర్ "ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్" ఒపెరాగా వెలసినది. బ్రిట్టెన్, పియర్స్ కలిసి మూలనాటకాన్ని సగానికి కుదించినారు. కుదింపులో కథ తెగకుండుటకు తమ మాటగా చేర్చినది ఒకే ఒక్క పంక్తి. అనువాదకులు, రూపాంతరకర్తలు తలచుకొనదగిన సంయమం ఇది. 1955-56లో బ్రిట్టెన్, పియర్స్ భారతదేశం మీదుగా తూర్పు దేశాలలో తిరిగినప్పుడు టోకియోలో "సుమిదగావా" అనే నో నాటకం చూచినారు. తప్పిపోయిన కొడుకును వెదకుతూ నది దాటే పిచ్చితల్లి కథ అది. కవి విలియం ప్లోమర్ దానిని ఇంగ్లండు తూర్పుసీమ బురదనేలలకు మార్చి "కర్లూ రివర్" వ్రాయగా, 1964లో ఆర్‌ఫర్డ్ చర్చిలో అది ప్రదర్శింపబడినది. నది ఒడ్డున బాలుని సమాధి, బాలుని ఆత్మ పలుకుట ఇందులో ఉన్నవి. గ్రైమ్స్ ఒపెరాలో పలుకని బాలుడు పందొమ్మిదేండ్ల తరువాత, జపాను దేశం చుట్టి వచ్చి, అదే తీరాన పలికినాడు. అదే యేడు అమెరికాలోని ఆస్పెన్‌లో బహుమానం అందుకొంటూ బ్రిట్టెన్, తాను ఏ భావితరాల కొరకో కాక, తన చుట్టు ఉన్న మనుషులకు, చోట్లకు పనికివచ్చే సంగీతం వ్రాయదలచినానని చెప్పినాడు. ఆ మాటకు ఆధారం ఈ కృతులే.

చిన్నతనం వరమైనను పేరు పెరిగిన కొలది వచ్చువారు పెరిగినారు. స్నేప్‌లో ఆల్డ్ నది ఒడ్డున న్యూసన్ గారెట్ అనే వర్తకుడు పందొమ్మిదవ శతాబ్దంలో కట్టిన పెద్ద ఇటుక కొట్లు ఉన్నవి. బీరు తయారీకై బార్లీని మొలకెత్తించి ఎండబెట్టు కొట్లవి. ఇంగ్లండులో తొలి వైద్యురాండ్రలో నొకరైన ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ ఈయన కుమార్తె. 1908లో ఆల్డ్‌బరా పురాధ్యక్షురాలై ఆ దేశంలో ఆ పదవి పొందిన తొలి స్త్రీ అయినది. 1965లో ఆ కొట్లలో పని ఆగినది. వానిలో పెద్దదానిని ఎనిమిది వందల పైచిలుకు ఆసనాల గానశాలగా మార్చి 1967 జూన్ 2న రెండవ ఎలిజబెత్ రాణిచే ప్రారంభింపజేసినారు. 1969 జూన్ 7న, ఆ యేటి ఉత్సవం మొదటి రాత్రియే, గానశాల అగ్నికి ఆహుతి అయినది. గోడలు మాత్రం నిలిచినవి. ఉత్సవం ఆగలేదు. మోజార్ట్ ఒపెరా "ఇడొమెనియో"ను బ్లైత్‌బరా గ్రామపు చర్చికి తరలించినారు. ఏడాదిలో గానశాలను తిరిగి కట్టి 1970 జూన్‌లో మరల తెరచినారు. ఆ వేసవిలోనే షొస్టకోవిచ్ తన పదునాలుగవ సింఫనీని బ్రిట్టెన్‌కు అంకితమీయగా, రష్యా వెలుపల దానిని ఈ బురదనేలల మధ్య కొట్టులో వినిపించినారు.

స్నేప్ గానశాల గొప్ప స్వరమందిరమని వినినవారందరూ అంగీకరిస్తారు. దానితోపాటు ఒక ప్రశ్న కూడ పుట్టినది. ఉత్సవం పేరు ఆల్డ్‌బరా; ప్రధాన వేదిక ఊరికి అయిదు మైళ్ల దూరాన. శ్రోతలలో ఎక్కువమంది లండను నుండి వచ్చు కలిగినవారు. ఊరి ఇండ్లు సెలవులకు వచ్చు సంపన్నుల చేతికి పోతున్నవి. జాలరుల పడవలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. స్థాపకులు ముగ్గురిలో క్రోజియర్ కొన్నేండ్లకే దూరమైనాడు. 1976 డిసెంబరు 4న బ్రిట్టెన్, 1986లో పియర్స్ చనిపోయినారు. ఊరి చర్చి ఆవరణలో ప్రక్కప్రక్కన సమాధులున్నవి. తరువాత స్వరకర్త థామస్ ఏడెస్, పియానో విద్వాంసుడు పియర్-లోరాన్ ఎమార్ వంటివారు ఉత్సవాన్ని నడిపినారు. కొత్త రచనలకు చోటిచ్చుట, యువ కళాకారులకు శిక్షణ ఇచ్చుట ఆగలేదు. 1989లో ఆ ఊరిలోనే వేరుగా ఒక కవితోత్సవం కూడ ఆరంభమైనది. 2020లో మాత్రం మహమ్మారి వలన సంగీతోత్సవం జరుగలేదు.

ఊరికి, ఉత్సవానికి నడుమ సంబంధం ఎప్పుడూ సాఫీగా లేదనుటకు ఒక నిదర్శనం చాలును. 2003లో శిల్పి మాగీ హాంబ్లింగ్ బ్రిట్టెన్ జ్ఞాపకార్థం తీరాన ఉక్కుతో పెద్ద ఆల్చిప్ప నిలిపినది. దాని అంచున గ్రైమ్స్ ఒపెరాలోని ఒక పలుకు తొలచి ఉన్నది. ఊరివారు కొందరు దానిని తీసివేయవలెనని సంతకాలు సేకరించినారు. రాత్రివేళ రంగు పోసినవారున్నారు. మరికొందరికి అది ప్రాణం. క్రాబ్‌ను సహింపని ఊరు, శిల్పాన్ని సహింపుటకు తంటాలుపడిన ఊరు ఒకటే. ఈ తగవు ఉత్సవానికి అప్రతిష్ఠ కాదు; తీరాన నిలిచిన వస్తువును అక్కడి జనం తమదిగా ఎంచి పోట్లాడుచున్నారనుటకు గుర్తు.

బ్రిట్టెన్ శతజయంతి వత్సరమైన 2013 జూన్‌లో "పీటర్ గ్రైమ్స్" ఒపెరాను ఆల్డ్‌బరా గులకరాళ్ల తీరంపైననే ఆడినారు. ఉప్పుగాలిలో వాద్యాలు చెడునని వాద్యభాగం ముందుగా ముద్రించి వినిపించినారు; గాయకులు మాత్రం తీరాననే పాడినారు. సంగీతం చిత్రించిన సముద్రం వెనుక అసలు సముద్రం. ఒంటరివానిని వేటాడిన ఊరి కథను ఆ ఊరే వేదికయై చూపినది. క్రాబ్ కావ్యం వెలువడి అప్పటికి రెండు వందల మూడేండ్లు.

తెలుగువారికి సంగీతోత్సవమనగానే తిరువయ్యారు తలపునకు వస్తుంది. అక్కడ ప్రతి యేట పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజస్వామి సమాధి వద్ద, తమిళసీమలో, తెలుగు మాట పాటయై వినబడుతుంది. మాట తెలియనివారిని కూడ రాగం మాట దగ్గరకు తెచ్చినది. ఆల్డ్‌బరాలో జరిగినది తలక్రిందులు: మాట ముందు పుట్టి, నూరేండ్లకు పైగా చదువరులు లేక పడిఉండి, చివరకు తనకు కావలసిన రాగాన్ని సముద్రాల ఆవలి నుండి పిలిపించుకొన్నది. ఒకచోట భక్తి, ఒకచోట నిష్ఠురసత్యం. రెండు చోట్లను నిలిపినది మాత్రం ఒక మనిషి ఒక నది ఒడ్డున నిలిచి చెప్పిన మాటయే.

రచయితలు దీని నుండి గ్రహింపదగినది సంగీతశాస్త్రం కాదు. ఊరిని పొగిడిన పద్యాలు ప్రతి ఊరికి ఉంటవి. అవి ఉత్సవాలలో చదువబడి ఉత్సవంతోపాటు ముగుస్తవి. క్రాబ్ తన ఊరిని పొగడలేదు, పరిహసింపనూ లేదు. అక్కడి బురదను, అక్కడి బీదను, పిల్లవాని ఏడుపు విని తలుపు మూసికొన్న పొరుగును పేరుపేరున వ్రాసినాడు. ఊరు అందుకు కృతజ్ఞత చూపలేదు. చూపవలసిన పని కూడ లేదు. కాని అంత నమ్మకంగా వ్రాసినందువలననే, వేరొక కాలంలో వేరొక కళ గలవాడు దానిని చదివి తన ఊరిని పోల్చుకొనగలిగినాడు. అందమైన అబద్ధమై ఉంటే ఆయన గుర్తుపట్టి ఉండడు, ఓడ ఎక్కి ఉండడు. తన వీథిని తప్పులతోసహా వ్రాసిపెట్టిన కవికి ఆ వీథిలో చోటు దొరకకపోవచ్చును. ఆల్డ్‌బరాలో మాత్రం ఆ వీథికే ఆయన పేరు పెట్టినారు.